హన్మకొండలో పళ్లకు ‘వెనీర్’ వేయించుకునేవాళ్లూ, పైసలు కట్టే ముందు ఇది చదవండి

క్లినిక్ పేరు రాయను. రీల్స్ తెరిస్తే చాలు, ‘గంటలో హీరోయిన్ నవ్వు’ అంటూ వాళ్లే కనబడతారు కాబట్టి హన్మకొండ, కాజీపేట వాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆ నవ్వు నేనూ కొనుక్కున్నాను, 16,000 పెట్టి. సర్వపిండి ముక్క కొరికితే సగం నవ్వు చేతిలోకి వచ్చింది.

స్కూటీ మీద నుంచి పడి ముందు పళ్లు రెండూ అంచులు విరిగాయి. చెల్లె పెళ్లి దగ్గర పడింది. ఫొటోల్లో నోరు మూసుకుని ఎంతసేపని నిలబడతాం? పోయాను. పింగాణీ వెనీర్లు (పంటి ముందువైపు అతికించే పల్చటి పొరలు), ఫారిన్ మెటీరియల్, 15 ఏళ్లు ఢోకా లేదు, పంటికి 8,000, అది కూడా పెళ్లని చెప్పారు కాబట్టి మీకొక్కరికే ఈ రేటు అన్నారు. అదే పూట కూర్చోబెట్టి అదే పూట పని అయిపోయిందన్నారు. అచ్చు తీసుకున్నది లేదు, స్కాన్ చేసింది లేదు, ల్యాబ్‌కు పంపింది లేదు. పింగాణీది అయితే వీటిలో ఏదో ఒకటి ఉండాలట. నాకు వేసింది కాంపోజిట్ బాండింగ్. అంటే పంటి రంగులో ఉండే రెజిన్ ముద్దను విరిగిన చోట దిద్ది నీలం లైటుతో గట్టిపరుస్తారు. బాండింగ్ చెడ్డదని నేను అనడం లేదు. అంచు విరిగిన పంటికి చాలాసార్లు అదే సరిపోతుంది, పన్నును పెద్దగా అరగదీసే పని ఉండదు, ఖర్చూ తక్కువ, ఒద్దికగా చేస్తే కొన్నేళ్లు నిలుస్తుంది. కానీ ఉప్మా పెట్టి బిర్యానీ బిల్లు వేస్తే ఎట్లా?

ఇక చేసిన తీరు. బోర్డు మీద ఫొటో ఉన్న సారు వచ్చి నోట్లోకి ఒక్కసారి తొంగి చూసి ‘సూపర్ చేద్దాం’ అని వెళ్లిపోయారు. చేసింది ఇంకో అబ్బాయి. యాసిడ్ జెల్ పెట్టి కడిగాక పన్ను పొడిగా ఉండాలి, ఉమ్మి తగిలితే రెజిన్ సరిగా పట్టదు. నా నోట్లో దూది తడిసి ముద్దయింది, సక్షన్ పైపు చెంపలోకి జారింది, నాలుక ఆ పంటికి తగులుతూనే ఉంది. ఆయనకు చెవికీ భుజానికీ మధ్య ఫోన్. ప్లాట్ రేటు మాట్లాడుతున్నాడు! షేడ్ చూసింది కూడా పళ్లు బాగా ఎండిపోయాక. ఎండిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనబడుతుంది, అందుకే రంగు మొట్టమొదటే చూసుకోవాలి. మరునాటికి నా పళ్లు మామూలు రంగుకు వచ్చాయి, ఆ రెండు అంచులు మాత్రం అలాగే తెల్లగా తేలి ఉన్నాయి. ఫోన్ చేస్తే ‘సెట్ అయితది మేడం’ అన్నారు. ఏం సెట్ అయ్యేది? కాంపోజిట్ చాయ్‌కీ పసుపుకీ పచ్చబడుతుందే తప్ప పక్క పన్నును చూసి రంగు మార్చుకోదు.

పెళ్లి అయిన కొన్నాళ్లకే ఊడింది. గోరంత ముక్క, లోపలివైపు నున్నగా ఉంది. టిష్యూలో చుట్టుకుని పోయాను. హాలు నిండా జనం. సారు బయటికి వచ్చారు, టిష్యూ విప్పి చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోలేదు. అందరికీ వినబడేట్టు, ‘సర్వపిండి తింటే ఊడక ఏం జేస్తది? మీకు పళ్లు గాదు, ఇనుప ముక్కలు పెట్టాలె’ అన్నారు. రిసెప్షన్ అమ్మాయి నవ్వింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు నవ్వారు. వెనీర్ అని చెప్పారు కదా సార్ అంటే, ‘నేనెప్పుడన్న? బిల్లు చూసుకోండ్రి.’ చూసుకున్నాను. ‘డెంటల్ ప్రొసీజర్ – 2’. అంతే ఉంది. మళ్లీ వేయాలంటే సగం రేటట, అదీ పాత పేషెంట్‌నని దయ తలచి. అప్పుడు నేనేమన్నానో తెలుసా? ‘సరే సార్’ అన్నాను! తిరుగు ఆటోలో తిట్టుకున్న తిట్లలో ఒక్కటి అక్కడ నోట్లోంచి వచ్చి ఉంటే ఇంత మంట ఉండేది కాదు.

తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె పళ్ల మధ్య ఒక నీలం కాగితం పెట్టి కరవమంది. అద్దంలో చూపించింది, మిగిలిన రెండో అంచు మీద ముదురు నీలం మచ్చ. నోరు మూసిన ప్రతిసారీ కింది పన్ను మొట్టమొదట దానికే కొట్టుకుంటోంది. వేసిన రోజే ఈ కాగితం పెట్టి చూసి, ఎక్కువైన చోట అరగదీసి పాలిష్ చేయాలట. ‘నువ్వు సర్వపిండి తినకున్నా అది ఉండేది కాదమ్మా’ అంది. నాకు సగం బరువు అక్కడే దిగిపోయింది. కాంపోజిట్ అనే చెప్పి, కాంపోజిట్ రేటే తీసుకుని, ఏ పంటికి ఏం వేసిందో బిల్లు మీద రాసిచ్చింది. మక్క కంకి, జామకాయ ముందు పళ్లతో కొరకొద్దు, వొలుచుకునో కోసుకునో తిను, పెన్ను మూతలు కొరికే అలవాటుంటే మానుకో అని కూడా చెప్పింది. 16,000 తీసుకున్నవాళ్ల నోటి నుంచి ఈ ముక్క ఒక్కసారి రాలేదు.

పోయేవాళ్లు పోండి, నేను వద్దనను. పింగాణీయా కాంపోజిటా, ఎన్ని పళ్లకు, చేతులు పెట్టేది ఎవరు, ఊడితే ఖర్చెవరిది, ఇవన్నీ పైసలు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. చేసే డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. మొహం మాడ్చుకున్నారా, చెప్పులు వేసుకుని వచ్చేయండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు: పైసలు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కు ఫోన్ చేసి అడగండి.

నేను ఫిర్యాదు వేస్తున్నాను. బిల్లులో లేని వెనీర్, 15 ఏళ్ల గ్యారెంటీతో సహా, వాళ్ల రిసెప్షన్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్‌లో ఉంది. నన్ను బ్లాక్ చేశారు గానీ దాన్ని డిలీట్ చేయడం మర్చిపోయారు.