కిందికి దించిన స్విఫ్ట్‌లో హాయిగా కూర్చోవచ్చా? మూడేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

కారును దించితే, అంటే పొట్టి స్ప్రింగులు వేసి బండి ఎత్తు తగ్గిస్తే, కుదుపులు భరించక తప్పదని అందరూ అనే మాటే. దాదాపు మూడేళ్లుగా అలాంటి కారునే నడుపుతున్నాను కాబట్టి ఆ మాటను నేను ఒప్పుకోను. ఎత్తు తగ్గినంత మాత్రాన నడుము నొప్పి రాదు. గతుకు ఎదురైనప్పుడు చక్రం పైకి లేవడానికి చోటు లేకపోతే వస్తుంది. ఆ చోటును కాపాడుకుంటే దించిన కారులోనూ పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని దూరం వెళ్లవచ్చు.

నాది రెండో తరం మారుతి స్విఫ్ట్, పెట్రోలు బండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేనాటికే దించి ఉంది. ముందు పొట్టి స్ప్రింగులు, వెనుక గ్యాస్ కట్టర్‌తో ఒక చుట్టు కోసేసిన కంపెనీ స్ప్రింగులు, 195/50 ఆర్16 టైర్లు (195 మి.మీ. వెడల్పు, అందులో 50 శాతం పక్క గోడ ఎత్తు, 16 అంగుళాల చక్రం). స్ప్రింగుల ఊపును ఆపే షాక్ అబ్జార్బర్లు మాత్రం కంపెనీవే. ఆ కారు నిలబడే తీరు నచ్చే కొన్నాను, కాబట్టి మళ్లీ పూర్తిగా పైకి లేపేయాలని ఏనాడూ అనుకోలేదు. మేముండేది విజయవాడలో, తరచూ వెళ్లేది బందరు వైపు పల్లెలకు. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత బాగా వేసినా కొన్నాళ్లకు అలలు తేలుతుంది. గుంతనైతే చూసి తప్పించుకోవచ్చు, ఈ అలలు దగ్గరికి వెళ్లేదాకా కంటికి ఆనవు. సస్పెన్షన్‌లోని, అంటే కారును చక్రాల మీద మోసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల అమరికలోని లోపాలన్నీ అక్కడే బయటపడతాయి.

ఆటోనగర్‌లో ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే భాగం) విప్పించినప్పుడు విషయం అర్థమైంది. షాక్ అబ్జార్బరు కడ్డీ పైభాగంలో బంప్ స్టాప్ అనే నురుగు దిమ్మ ఉండాలి. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు లోహం లోహానికి తగలకుండా ఆపేది అదే. మా బండిలో సగమే మిగిలింది, వేళ్ల మధ్య నలిపితే పసుపు పొడిగా రాలిపోయింది. దుమ్ము తొడుగు చిరిగి లోపలికి ఇసుక చేరింది. కారు నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడే షాక్ అబ్జార్బరు తలకూ, కొత్త బంప్ స్టాప్ ఉండాల్సిన చోటుకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు.

"స్ప్రింగు తప్పేమీ లేదు సార్. అది దిగడానికి చోటే మిగల్లేదు" అన్నాడు మేస్త్రి.

ఆయన మాట లెక్కకు కూడా నిలుస్తుంది. మామూలు కుటుంబ కార్లు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు పెడతారు. స్ప్రింగును 30 శాతం గట్టిగా చేసినా ఆ ఊపు పెరిగేది 14 శాతమే, ఎందుకంటే అది వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ఆ మాత్రం తేడా వీపుకు తెలుస్తుంది గానీ బాధపెట్టదు. కూర్చున్న మనిషిని బాగా ఇబ్బంది పెట్టేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కంపనం. బంప్ స్టాప్ మీదికి చక్రం పదేపదే వచ్చి గుద్దుకుంటుంటే ఆ దెబ్బలు మెత్తబడకుండా నేరుగా సీటులోకే వస్తాయి. నిందేమో స్ప్రింగు మీద పడుతుంది.

కోసిన వెనుక స్ప్రింగులను మొట్టమొదట తీసేయించాను. ఇది సౌకర్యానికి మించి ప్రాణాలకు సంబంధించిన విషయం. గ్యాస్ మంట తగిలిన చోట ఉక్కు గుణం మారిపోతుంది. కోసిన చివర దాని గూటిలో సరిగా కూర్చోదు. జాకీ ఎత్తి వెనుక చక్రాన్ని వేలాడనిస్తే స్ప్రింగు చేతితో తిప్పినా తిరిగేంత వదులుగా ఉంది. అలాంటి బండి వేగంగా వెళ్తూ ఒక ఎత్తు దాటి చక్రం కిందికి జారిందంటే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయంగా ఉంటుంది. చౌకగా అవుతుందని ఎవరు చెప్పినా దయచేసి స్ప్రింగులు కోయించకండి.

తర్వాత నాలుగు వైపులా 25 మి.మీ. మాత్రమే దించే స్ప్రింగులు, దించిన కార్ల కోసమే పొట్టి ఒంటితో చేసిన షాక్ అబ్జార్బర్లు, పొడవుగా మెత్తగా ఉండే బంప్ స్టాపులు వేయించాను. స్ప్రింగులకు పెట్టిన డబ్బుకు రెట్టింపు షాక్ అబ్జార్బర్లకు పెట్టాను, అలాగే పెట్టాలి కూడా. గట్టి స్ప్రింగు నొక్కుకుని తిరిగి లేచేటప్పుడు ఎక్కువ బలంతో లేస్తుంది, ఆ బలాన్ని పట్టి ఆపే శక్తి కంపెనీ షాక్ అబ్జార్బరుకు చాలదు. అందుకే పాత అమరికతో బందరు రోడ్డు అలల మీద 80 వేగంలో ఒక ఊపు ఆగకముందే ఇంకో ఊపు మొదలయ్యేది, వెనుక సీటులో అమ్మ పైన పట్టీని వదిలేది కాదు. ఇప్పుడు కారు ఒకసారి లేచి, కూర్చుని, నిలబడిపోతుంది. ఈ మార్పు మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించినది అదే.

చోటు నిజంగా మిగిలిందో లేదో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. షాక్ అబ్జార్బరు కడ్డీ చుట్టూ ఒక కేబుల్ టై బిగించి, దాన్ని కిందికి జరిపి, రోజూ వెళ్లే దారిలో ఒక చుట్టు తిరిగి రండి. చక్రం ఎంతవరకు లేచిందో అంతవరకు ఆ టై పైకి జరిగి అక్కడే ఆగి ఉంటుంది. పాత స్ప్రింగులతో అది బంప్ స్టాప్‌లోకి చొచ్చుకుపోయింది. ఇప్పుడు పెద్ద గుంతలో పడితే తప్ప అక్కడిదాకా పోవడం లేదు.

టైర్ల ప్రభావాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. 195/50 ఆర్16 టైరు పక్క గోడ 97 మి.మీ. పైచిలుకు, 185/65 ఆర్15ది 120. ఆ 23 మి.మీ. రబ్బరు, గాలి కలిసి చిన్న గతుకులన్నిటినీ సస్పెన్షన్ దాకా రానివ్వకుండానే మింగేస్తాయి. పైగా చిన్న టైరు వల్లనే కారు మరో 10 మి.మీ. కిందికి వెళ్లింది. తిరిగి 15 అంగుళాల చక్రాలకు వచ్చాను. చూపులో కొంత కళ తగ్గిన మాట నిజమే. కంకర తేలిన కాలవ గట్టు దారిలో మాత్రం ఆ లోటు గుర్తుకు రాదు.

ఎక్కువ దించితే మలుపుల్లో బాగా పట్టు ఉంటుందనే నమ్మకం కూడా సరికాదు. ఈ కారు ముందువైపు మెక్‌ఫెర్సన్ రకం స్ట్రట్లు ఉంటాయి. బాగా దించినప్పుడు, చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి లేచిపోతుంది, దాంతో రోల్ సెంటర్ (మలుపులో కారు దేని చుట్టూ పక్కకు వంగుతుందో ఆ బిందువు) కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగి కారును పక్కకు వంచే బలం పెరుగుతుంది. 25 మి.మీ. దగ్గర ఆర్మ్ ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉండి, స్టీరింగు కూడా శుభ్రంగా పలుకుతోంది.

బిగించేటప్పుడు మేస్త్రికి ఒకటి గట్టిగా చెప్పాలి. లోయర్ ఆర్మ్ బుష్‌ల (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగుల) బోల్టులను కారు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చీలిపోతుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) వెంటనే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక మరోసారి చేయించాలి. లేదంటే ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి, బయటి నుంచి చూస్తే తెలియదు.

స్పీడ్ బ్రేకర్ల గురించి అందరూ అడుగుతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం కట్టినది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2.43 మీటర్లే కాబట్టి కారు మొత్తం దాని మీదే ఎక్కి దిగుతుంది, పొట్ట కిందికి వచ్చే ఎత్తు లెక్కిస్తే 4 సెం.మీ. పైచిలుకే. కంపెనీ ఇచ్చిన 170 మి.మీ.లో 25 తగ్గినా అది ఏమాత్రం అడ్డు కాదు. వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన ఇరుకు దిబ్బలే తగులుతాయి. వాటి మీద ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కించి దాటిస్తాను.

మార్పులు చేసేముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, మీ బీమా షరతులు చదివి, బీమా కంపెనీకి రాసి చెప్పండి. ఆర్‌సీలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

లోపాలూ ఉన్నాయి. నలుగురు పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను ఉంటే వెనుకవైపు ఇప్పటికీ బంప్ స్టాప్ మీదే నడుస్తుంది, అలాంటప్పుడు 60 దాటను. అపార్ట్‌మెంట్ సెల్లార్ వాలులో ముందు బంపరు కింది అంచు గీసుకుపోయింది. సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు అనే చిన్న కడ్డీలు కంపెనీ అమరికలో కన్నా త్వరగా వదులై టకటకమన్నాయి, మార్పించాను. ఈ మధ్య ఎడమ వెనుక షాక్ అబ్జార్బరు మీద సన్నగా నూనె తడి కనిపిస్తోంది. వచ్చే సర్వీసులో వెనుకవి రెండూ ఒకేసారి మార్పిస్తాను, అప్పుడే వెనుకకు కొంచెం ఎక్కువ బరువు మోసే స్ప్రింగులు వేసి చూడాలని ఉంది.