జాగ్రత్త: బాండ్ సైడ్ క్యారెక్టర్ల మిస్టరీ నవలల సెట్ అంటూ దొంగ ప్రింట్లు అంటగడుతున్నారు

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలలు కొనేవాళ్ళు ఇది ఒకసారి చదవండి, ఇలాంటివి కొనే అలవాటున్న స్నేహితులుంటే వాళ్ళకీ పంపండి. జేమ్స్ బాండ్ కథల్లో పక్కనుండే పాత్రల్ని ముందుకు తెచ్చి రాసిన నవలలు ఈమధ్య బాగా వస్తున్నాయి కదా, వాటిని "నాలుగు పుస్తకాల సెట్, కొత్తవి, ఒరిజినల్, సిటీలో ఎక్కడికైనా డెలివరీ" అని ఒక సోషల్ మీడియా పేజీలో 1,150 రూపాయలకి అమ్ముతున్నారు. నేను తెప్పించాను. నాలుగూ దొంగ ప్రింట్లే. ఒకదాంట్లో మధ్య పేజీలు లేవు, ఇంకోదాంట్లో అసలు ముగింపే లేదు, మిగతా రెండూ ఒకే పుస్తకం.

పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు రేపు మార్చేసి ఇంకో పేరుతో ఇదే సరుకు అమ్ముతారు, కాబట్టి పేరు గుర్తుపెట్టుకోవడం కంటే సరుకు ఎలా ఉంటుందో తెలుసుకోవడమే మనకి పనికొస్తుంది.

ముందు ఈ పుస్తకాలేంటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే మోసం అంతా ఈ వివరాలు జనానికి తెలియకపోవడం మీదే నడుస్తోంది. బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి నవల 1953లో వచ్చింది. ఆ నవలల్లో బాస్ ఎం దగ్గర సెక్రటరీ మనీపెన్నీ, అమెరికా నుంచి వచ్చి సాయం చేసే ఫీలిక్స్ లైటర్, ఆయుధాలు చూసే మేజర్ బూత్‌రాయిడ్ (సినిమాల్లో క్యూ అనేది ఈయన్నే), వీళ్ళందరూ కాసేపు కనపడి వెళ్ళిపోయేవాళ్ళు. మనలో షాడో నవలలు చదివి పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అందులో షాడో పక్కనుండే కులకర్ణి గారి మీదో శ్రీకర్ మీదో విడిగా ఒక నవల వస్తే ఎగబడి కొనమూ? సరిగ్గా ఆ ఆశే ఇక్కడ కూడా. మనీపెన్నీ డైరీల పేరుతో 2005, 2006, 2008లో మూడు నవలలు వచ్చాయి. 2025లో రేమండ్ బెన్సన్ ఫీలిక్స్ లైటర్ మీద 'ద హుక్ అండ్ ది ఐ' రాశారు. అదే ఏడాది వసీం ఖాన్ రాసిన 'క్వాంటమ్ ఆఫ్ మెనేస్' వచ్చింది, ఇందులో బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ6లో ఉద్యోగం పోయిన క్యూ సొంత ఊరికి వెళ్ళి చిన్ననాటి స్నేహితుడి చావు వెనకేముందో తవ్వుతాడు. ముంబై నేపథ్యంలో ఇన్‌స్పెక్టర్ చోప్రా నవలలు రాసింది ఈయనే, ఆ రకంగా కూడా మనవాళ్ళు కొంతమంది దీని కోసం చూస్తున్నారు.

ఇప్పుడు నాకొచ్చిన సరుకు సంగతి.

క్యూ నవల అట్ట బాగానే మెరుస్తోంది. తెరిచి చూస్తే కాగితం న్యూస్‌ప్రింట్‌కి కాస్త ఎక్కువ, వెనక పేజీ అక్షరాలు ఇటు కనపడుతున్నాయి. కుట్టు వైపు అంచున ప్రతి పేజీకీ నల్లటి నీడ ఒకటి నిలువుగా ఉంది, అంటే అసలు పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి తీసిన పేజీలన్నమాట. లైన్లు కొన్ని పేజీల్లో ఏటవాలుగా పోయాయి. ఇంతవరకైతే కళ్ళు చికిలించుకుని చదువుకోవచ్చు. కానీ 160వ పేజీ తిప్పితే మళ్ళీ 145 వచ్చింది, అక్కడి నుంచి 160 దాకా అవే పేజీలు రెండోసారి, ఆ తర్వాత నేరుగా 177. ప్రెస్సు పని తెలిసినవాళ్ళకి అర్థమై ఉంటుంది, ఒక ఫారం అంటే 16 పేజీలు, ఒక ఫారం రెండుసార్లు పెట్టి తర్వాతి ఫారం వదిలేశారు. మామూలు నవలైతే 16 పేజీలు పోయినా కథ ఊహించుకోవచ్చేమో. మిస్టరీలో ఎవరు ఏ మాట జారారు, ఏ వస్తువు ఎక్కడ ఉంది అన్నది ఒక్క వాక్యంలో పెట్టి వెళ్ళిపోతారు, ఆ వాక్యం ఆ 16 పేజీల్లో ఉంటే చివర్లో విప్పి చెప్పింది మనకి ఎక్కదు.

వెనక అట్ట మీది బార్‌కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే ఇంకేదో పుస్తకం పేరు వచ్చింది. లోపలి కాపీరైట్ పేజీలో ఉన్న ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబర్) వేరు, అట్ట మీది నంబర్ వేరు.

లైటర్ పుస్తకం ఇంకా అన్యాయం. ఆ నవల మొదట డిజిటల్‌గా భాగాలు భాగాలుగా విడుదలైంది, తర్వాత పూర్తి పుస్తకంగా వచ్చింది. వీళ్ళు మొదటి కొన్ని భాగాలు ఎక్కడో దొరికితే వాటినే ప్రింటు తీసి, బైండు చేసి, పైన మొత్తం నవల అట్ట తగిలించారు. ఈ సెట్ నేను మల్కాజిగిరిలో ఉండే మా మేనమామ కోసం తెప్పించాను. అద్దె లైబ్రరీల కాలం నుంచి డిటెక్టివ్ నవలలు చదువుతున్న మనిషి, రిటైరయ్యాక కళ్ళు సరిగ్గా కనపడకపోయినా రాత్రి లైటు పెట్టుకుని చదువుతారు. లైటర్ అంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం, 1954 నాటి నవలలో సొరచేప దాడిలో చేయీ కాలూ పోగొట్టుకుని కూడా తర్వాత పింకర్టన్ సంస్థలో డిటెక్టివ్‌గా తిరిగొస్తాడని నాకు చిన్నప్పుడు చెప్పింది ఆయనే. పుస్తకం చదివి ఫోన్ చేసి, "ఏరా, దీనికి రెండో భాగం ఉందా? అది కూడా తెప్పించు, కథ మధ్యలో ఆగింది" అన్నారు. రెండో భాగం లేదు మామయ్యా, మనకి సగమే ఇచ్చారు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాకు ఒళ్ళు మండిందంటే డబ్బు గురించి కాదు, దీని గురించి.

ఇక మనీపెన్నీవి రెండు. ఒకదాని మీద కేట్ వెస్ట్‌బ్రూక్ అని, రెండోదాని మీద సమంతా వైన్‌బర్గ్ అని ఉంది, అట్టలు వేరు, టైటిల్ అక్షరాల తీరు వేరు. రెండూ వేర్వేరు నవలలని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఆ ఇద్దరూ ఒక్కరే. సమంతా వైన్‌బర్గ్ రాసి, మనీపెన్నీ నిజంగానే రాసుకున్న డైరీలను ఎవరో ఎడిట్ చేసినట్టు భ్రమ కలగడానికి కేట్ వెస్ట్‌బ్రూక్ అనే పేరు పెట్టారు. ఆ రెండు పేర్లనీ వాడుకుని మొదటి భాగం 'గార్డియన్ ఏంజెల్'నే రెండు అట్టల్లో పెట్టి రెండు పుస్తకాల లెక్కలో అమ్మేశారు. అసలు కాపీలే అమ్మే చోట కూడా ఈ గందరగోళం వల్ల ఒకే పుస్తకం రెండుసార్లు కొనే ప్రమాదం ఉంది, కాబట్టి రచయిత పేరు కాకుండా ఉపశీర్షిక చూసుకుని కొనండి. రెండోది 'సీక్రెట్ సర్వెంట్', మూడోది 'ఫైనల్ ఫ్లింగ్'.

అమ్మినతనికి ఫొటోలన్నీ పంపాను. మొదట "ఓపెన్ చేసిన బుక్ వాపస్ తీసుకోం సార్" అన్నాడు. ఓపెన్ చేయకుండా లోపల పేజీలు లేవని ఎలా తెలుస్తుందయ్యా అంటే దానికి జవాబు లేదు. తర్వాత దొంగ ప్రింటు కదా ఇది అని అడిగితే ఒక మాట అన్నాడు, ఈ మాట మీకూ చెప్తారు కాబట్టి జాగ్రత్తగా వినండి: "ఇండియాలో బాండ్ కాపీరైట్ అయిపోయింది సార్, ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు, లీగలే."

ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ వరకే కాపీరైట్ ఉంటుంది, ఆ లెక్క మరుసటి సంవత్సరం మొదటి నుంచి వేస్తారు. ఫ్లెమింగ్ 1964లో చనిపోయారు. అంటే ఆయన బతికుండగా అచ్చైన బాండ్ నవలల మీద మన దేశంలో కాపీరైట్ 2024 డిసెంబర్ 31తో ముగిసింది. వాటిని మన దగ్గర ఎవరైనా వేసుకోవచ్చు, నిజమే. కానీ ఈ కొత్త నవలలు ఫ్లెమింగ్ రాసినవి కావు! రాసినవాళ్ళు నిక్షేపంగా ఉన్నారు, ఇప్పటికీ రాస్తున్నారు, వాళ్ళ కాపీరైట్ వాళ్ళకి పూర్తిగా ఉంది. పాత్ర పాతదైతే పుస్తకం పాతదైపోదు. ఇలా దొంగ ప్రింటు వేసి అమ్మితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉంటుంది. ఇదంతా రాసి పంపాక నన్ను బ్లాక్ చేశాడు.

కొనే ముందు ఏం చూడాలంటే, అట్ట ఫొటో చూసి డబ్బు కట్టొద్దు. అట్ట ఫొటో నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. కాపీరైట్ పేజీ, చివరి పేజీ, వెనక బార్‌కోడ్, ఈ మూడింటి ఫొటోలు ఆ రోజే తీసి పంపమని అడగండి, పక్కన ఒక చీటీ మీద మీ పేరు రాసి పెట్టమనండి. నిజంగా పుస్తకం చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని, కుదరదంటే వదిలేయండి. చివరి పేజీలో కథ తెలిసిపోతుందని భయమైతే పేజీ నంబర్ ఒక్కటే కనపడేలా తీయమనండి, దాన్ని ప్రచురణ సంస్థ సైట్‌లో ఇచ్చిన పేజీల సంఖ్యతో పోల్చుకోండి.

ఐఎస్‌బీఎన్ నంబర్‌ని కూడా మీరే లెక్క కట్టి చూడొచ్చు. 13 అంకెలుంటాయి. మొదటి అంకెని ఒకటితో, రెండోదాన్ని మూడుతో, మళ్ళీ ఒకటితో, మూడుతో, ఇలా చివరిదాకా గుణించి అన్నీ కూడితే వచ్చే మొత్తం పదితో నిశ్శేషంగా భాగం పోవాలి. పోకపోతే ఆ నంబర్ తప్పు, సందేహమే లేదు. అయితే సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అనుకోకండి, దొంగ ప్రింటు వేసేవాళ్ళు అసలు నంబర్‌నే దించేస్తారు. అందుకే అట్ట మీది నంబర్, లోపలి నంబర్, స్కాన్ చేస్తే వచ్చే పేరు మూడూ కలవాలి.

చేత్తో పట్టుకుని చూసి కొనగలిగితే అంతకన్నా మంచిది లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గానీ కోఠి షాపుల్లో గానీ పైరసీ కాపీలు ఉండవని అనను, ఉంటాయి, కానీ అక్కడ నిలబడి పేజీలు తిప్పి చూడొచ్చు, చూశాక వద్దనొచ్చు. కుట్టు వైపు నీడ ఉందా, పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా అని ఒకసారి బొటనవేలితో గబగబా తిప్పితే తెలిసిపోతుంది. ఏడాది చివర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు స్టాల్ వాళ్ళని అడిగి బిల్లు తీసుకోండి. కొత్త నవలలు అక్కడ లేకపోతే ఆర్డర్ మీద తెప్పించే షాపులూ ఉన్నాయి, ధర ఎక్కువే, ఆగాల్సీ వస్తుంది, కానీ పుస్తకం పుస్తకంలా ఉంటుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చారు. పెద్ద ఆన్‌లైన్ సైట్లో కొని ఉంటే మీ పని ఇంకా తేలిక. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ వస్తువునీ, చెప్పినదానికి భిన్నంగా వచ్చినదాన్నీ వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని సైట్ వాళ్ళు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. వినకపోతే మనం ఉండే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా లేదు. యూపీఐ రసీదు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు, పార్సిల్ కవర్ మీది పంపినవాళ్ళ అడ్రస్ పారేయకుండా దాచుకోండి. నాకొచ్చిన కవర్ మీద ఊరి పేరు తప్ప అడ్రస్ లేదు, కొరియర్ ట్రాకింగ్ నంబర్ మాత్రం ఉంది, దాన్ని ఫిర్యాదుకి జత చేశాను.

ఇలాంటి సెట్ ఎవరికైనా వచ్చి ఉంటే క్యూ నవలలో 160వ పేజీ తర్వాత ఏముందో చూసి ఇక్కడ చెప్పండి. మీకూ 145 వస్తే అది ఇదే ప్రింటు. నలుగురైదుగురం తేలితే అందరి ఫొటోలూ కలిపి ప్రచురణ సంస్థకి నేను మెయిల్ పెడతాను, అసలు హక్కుదారులే కంప్లైంట్ ఇస్తే పోలీసులు కూడా పట్టించుకుంటారు. మీ ఫొటోల్లో ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ కనపడకుండా చెరిపేసి పెట్టండి.