అజొల్లా విత్తనమని కలుపు మొక్క పంపుతున్నారు, పాడి రైతులు జాగ్రత్త

పశువుల మేతకు తొట్టిలో పెంచే చిన్న నీటి మొక్క అజొల్లా. దాని విత్తనం, అంటే పెంపకానికి వేసే మొక్కలు, గోదావరి జిల్లాల పాడి రైతులకు వాట్సాప్‌లో అమ్మే ఒక వ్యాపారి దగ్గర నేనూ ఆర్డరు పెట్టాను. ఇలా వాట్సాప్‌లో ఆర్డరు పెట్టినవారు పార్సిల్ విప్పగానే తొట్టిలో వేయకుండా ముందు ఇది చదవండి. డబ్బు పుచ్చుకుని ఆయన నాకు పంపింది అజొల్లా కాదు, సాల్వీనియా మొలెస్టా. బ్రెజిల్ నుంచి దేశదేశాలకు పాకి, కేరళలో ఆఫ్రికన్ పాయల్ పేరుతో కుట్టనాడు వరి చేలనూ కాలువలనూ కప్పేసిన మొక్క ఇది. ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో దీన్ని 2013లో చేర్చారు.

డబ్బు పోయిందన్న బాధ కన్నా ఫోనులో ఆ వ్యాపారి మాట్లాడిన తీరే నన్ను ఇప్పటికీ మండిస్తోంది. ఫొటోలు పంపి, ఆకుల్లో తేడా వివరించి, ఇది అజొల్లా కాదండీ అని మర్యాదగానే చెప్పాను. "నీళ్ళ మీద పచ్చగా తేలుతోంది కదా, గేదెకేం తెలుస్తుంది? వద్దనుకుంటే కాలువలో పారేయండి" అని ఫోను పెట్టేశాడు. కాలువలో పారేయమన్నాడు! ఈ మొక్కకు విత్తనంతో పని లేదు, తెగిన కణుపు ముక్క ఒక్కటి చాలు, అనుకూలమైన నీటిలో కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతుంది. ఆ ముక్క బోదెలోంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి ఇప్పటికే గుర్రపు డెక్కతో సతమతమవుతున్న కొల్లేరులోకి చేరితే చేపల చెరువులవాళ్ళ గతి ఏమిటి? కేరళలో 1980ల్లో ఈ మొక్కను తినే సిర్టోబాగస్ సాల్వీనియే అనే ముక్కుపురుగును బయటి దేశం నుంచి తెచ్చి వదిలితే గానీ ఈ మొక్క అదుపులోకి రాలేదు.

పార్సిల్‌లో నలిగి వచ్చే లేత మొక్కలు చిన్నవిగా, చదునుగా ఉంటాయి కాబట్టి పైపైన చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. దోసిట్లోకి తీసుకుని చూడండి. అజొల్లా మొక్క మొత్తం గోరంత ఉంటుంది, ఆకులు మిల్లీమీటరు ప్రమాణంలో పొలుసుల్లా ఒకదానిపై ఒకటి కప్పుకుని ఉంటాయి, కింద సన్నని అసలైన వేళ్ళు వేలాడతాయి. సాల్వీనియాలో ప్రతి కణుపు దగ్గర మూడు ఆకులుంటాయి. రెండు పైన తేలుతాయి. మూడోది నీటిలో గోధుమ రంగు పోగులుగా చీలి వేరులా కనిపిస్తుంది గానీ అది ఆకే. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఆకు పైభాగంలో ఉంది: అక్కడి నూగును భూతద్దంలో చూస్తే, ఒక్కో కాడ నాలుగు పాయలుగా చీలి, కొసన మళ్ళీ కలిసిపోయి ఉంటుంది. ఆకు మీద నీటి చుక్క వేస్తే తడపకుండా గుండ్రంగా నిలిచి జారిపోతుంది. గుంపుగా పెరిగిన కొద్దీ ఆకులు నడిమికి మడతపడి నిటారుగా లేస్తాయి. అంతవరకూ ఆగితే ఆలస్యమైనట్టే.

విత్తనం కృషి విజ్ఞాన కేంద్రంలోనో, తొట్టి మన కళ్ళతో చూడగలిగిన రైతు దగ్గరో తీసుకోండి. ఇప్పటికే ఇది వచ్చి ఉంటే ముక్క కూడా మిగలకుండా వలతో తీసి, నీటికి దూరంగా పట్టా మీద పూర్తిగా ఎండబెట్టి కాల్చేయండి. తొట్టి నీళ్ళు కూడా బోదెలోకి వదలకుండా మెరక నేలలో ఇంకిపోనివ్వండి.