పక్క స్థలంలో టవర్లు లేస్తుంటే ఏ కాగితం పనికొచ్చింది?

హైదరాబాదులో మాది ముప్పై అడుగుల రోడ్ల కాలనీ, అన్నీ సొంత ఇళ్లు. ప్రహరీ అవతలి ఖాళీ స్థలంలో టవర్లు వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి, కొన్నేళ్లుగా సంక్షేమ సంఘం తరఫున కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంటి యజమానులకు అందుబాటులో ఉన్న మార్గాలన్నీ వాడి చూశాను కాబట్టి ఏది ఎంతవరకు పనిచేస్తుందో చెబుతాను.

సంతకాల వినతిపత్రం దాదాపు దండగ. గాలి రాదు, వెలుతురు రాదు, ప్రశాంతత పోతుంది అని రాసిస్తే రసీదు ముద్ర వేసి ఇస్తారు. అక్కడితో సరి. ఎందుకంటే 2006లో భవన నిర్మాణ నిబంధనల జీవో 86 వచ్చాక నగరంలో స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఇంతే కట్టాలన్న పరిమితి పోయింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారి పట్టింది. ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ, ఈ రెండే ఎత్తును తేలుస్తాయి. యాభై మీటర్లు దాటిన భవనానికి కనీసం 30 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం 16 మీటర్ల ఖాళీ అడుగుతుంది ఆ జీవో. మన బాధ ఎంత నిజమైనదైనా మీటర్లలో చెబితేనే అధికారి తలెత్తి చూస్తాడు.

సమాచార హక్కు చట్టానికి మంచి మార్కులే వేస్తాను, ఓపిక ఉన్నవారికి మాత్రమే. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. టవర్ల ప్లాను అడిగితే మాకు మొదట వచ్చిన జవాబు 'మూడో పక్షం సమాచారం, ఇవ్వలేం'. మొదటి అప్పీలు వేశాక కాగితాలు చూసుకోవడానికి పిలిచారు. ఫైలు తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉందని చాలామందికి తెలియదు. బల్ల మీద ప్లాను పరిచి, మూలలు పైకి లేవకుండా ఫోన్లు బరువు పెట్టి చూశాం. ముఖద్వారం వంద అడుగుల రోడ్డు వైపే ఉంది. సెల్లారులోంచి కార్లు బయటికొచ్చే ర్యాంపు మాత్రం తిన్నగా మా వీధిలోకి తెరుచుకుంది! ఎవరూ నోటిమాటగానైనా చెప్పని సంగతి అది. మా అసలు అభ్యంతరం అక్కడ పుట్టింది.

తమాషా ఏమిటంటే, స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరాలో నమోదయ్యాక అదే ప్లాను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే నమోదు తప్పనిసరి. కానీ రెరా కొనుగోలుదారు కోసం పుట్టిన చట్టం. అనుమతులు వచ్చాకే నమోదు, కాబట్టి పొరుగువాడికి విషయం తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

నాకు బాగా ఒళ్లుమండింది పర్యావరణ అనుమతి దగ్గర. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి అది కావాలి. అయితే ఆ అనుమతులకు సంబంధించిన 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ భవన నిర్మాణాలను బహిరంగ విచారణ నుంచి మినహాయించింది. అంటే పక్కింటివాళ్లను పిలిచి మీ మాటేమిటని అడిగే ఘట్టం అందులో లేదు.

అన్నిటికన్నా చవకగా, గట్టిగా పనిచేసింది ఫోటోలు. సెల్లారు కోసం బండ పేల్చకముందే ప్రతి ఇంటి గోడలు, స్లాబు అడుగు, నీళ్ల సంపు తేదీతో సహా ఫోటోలు తీసి బిల్డరుకు, ప్లానుకు అనుమతి ఇచ్చే కార్యాలయానికి పంపాం. తర్వాత పగుళ్లు వచ్చిన ఇళ్లకు మరమ్మతులు బిల్డరే చేయించాడు. ఫోటోలు తీయనివ్వని రెండిళ్లవాళ్లు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు.

సవరించిన ప్లానులో ర్యాంపు పెద్ద రోడ్డు వైపు తిరిగింది. ఎత్తు అంగుళం తగ్గలేదు. వినతిపత్రం మీద మొదటి సంతకం చేసిన పెద్దాయన, ధర పెరగగానే ఇల్లు అమ్మేసి వెళ్లారు. ఆయన్ని తప్పుపట్టను, అది ఆయన ఆస్తి.

ఈమధ్య ఉత్తరం వైపు స్థలంలో మట్టి పరీక్షకు బోర్లు వేస్తున్నారు. ఈసారి సంతకాల జోలికి పోలేదు. రోడ్డు వెడల్పు కొలిచాం, గోడల ఫోటోలు తీస్తున్నాం.