రుబీడియం మాగ్నెటోమీటర్: ఏడాది వాడాక నా మాట

కణాల మధ్య మనకింకా తెలియని బలం ఏదైనా ఉందేమో వెతకడానికి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఈ సెన్సర్ తీసుకున్నాం. అగ్గిపెట్టె కంటే చిన్నది. లోపల గాజు గదిలో రుబీడియం ఆవిరి, దాన్ని 150 డిగ్రీల దాకా వేడెక్కించే హీటర్, 795 నానోమీటర్ల లేజర్. పరమాణువుల స్పిన్‌లన్నిటినీ (ఒక్కోటీ బుల్లి అయస్కాంతం లాంటిదే) లేజర్ ఒకే దిక్కుకి తిప్పుతుంది, ఏదైనా వాటిని కాస్త కదిపితే చాలు, అవతలికి వచ్చే వెలుతురు మారిపోతుంది. అంతే కిటుకు.

సెన్సిటివిటీకి మాత్రం దండం పెట్టాలి: 15 ఫెమ్టోటెస్లాలు, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో దాదాపు 300 కోట్లవ వంతు, అదీ ఒక్క సెకను కొలతలోనే. కానీ చెవి మరీ పదును, పక్కన ఎవరైనా కుర్చీ జరిపినా వినేస్తుంది. బయటి అయస్కాంత క్షేత్రాల్ని అడ్డుకునే మ్యూ-మెటల్ డబ్బా లేకుండా కొనకండి, దండగ.

1984లో భౌతిక శాస్త్రవేత్తలు మూడీ, విల్చెక్ చెప్పిన యాక్సియాన్ (ఇంకా ఎవరికీ దొరకని ఊహాత్మక కణం) తరహా బలం కోసం మేం అయస్కాంత గుణం లేని బరువును సెన్సర్ దగ్గరికీ దూరానికీ జరుపుతుంటాం. ఒక రాత్రి సరిగ్గా అదే లయలో సిగ్నల్! రెండు రోజులు నిద్ర లేదు, టెన్షన్. తీరా చూస్తే జరిపే బల్లకి ఎవరో బిగించిన ఒక స్టీల్ స్క్రూ. ఇత్తడిది పెట్టగానే సిగ్నల్ మాయం.

కేబుల్ పొట్టిది, బిరుసు. మాన్యువల్ ఉన్నా లేనట్టే, కంపెనీకి మెయిల్ పెడితే మూడు వారాలకి జవాబొచ్చింది. నాలుగు స్టార్లు, ఆ ఒక్కటీ కేబుల్ కోసం కోశాను.