యూఎస్‌బీ కేబుల్‌కి 14,500 పెట్టాను, మీరు పెట్టకండి

హైదరాబాద్‌లో కంప్యూటర్ నుంచి పాటలు వినేవాళ్లు, ముఖ్యంగా ఈ మధ్యే డాక్ (కంప్యూటర్ నుంచి వచ్చే అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టె) కొనుక్కుని "ఇంకొంచెం మెరుగుపడితే బాగుండు" అని షాపుల చుట్టూ తిరిగేవాళ్లు ఇది ఒకసారి చదవండి. నాకు మొత్తం 29,500 వదిలింది. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి 9,000, యూఎస్‌బీ కేబుల్‌కి 14,500, "హై రెజల్యూషన్" పాటల హార్డ్ డిస్కుకి 6,000. షాపు పేరు రాయను, అడగొద్దు, ఫిర్యాదు నడుస్తోంది.

అసలు నేను వెళ్లింది వేరే పని మీద. మా స్పీకర్లలో పాట ఆపినా సన్నగా జుయ్‌మని ఒక శబ్దం వచ్చేది. కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి వెళ్లి ఎవరినైనా అడుగుదామని బయల్దేరినవాణ్ని, ఆఫీసులో ఒకాయన చెప్పాడని ఏసీ, సోఫాలున్న ఆ డెమో రూముకి పోయాను. గుజరాతీ గల్లీకే వెళ్లుంటే ఎవరో ఒకరు "చార్జర్ పీకి చూడన్నా" అనేవారు, అక్కడితో అయిపోయేది.

ఓనర్ టీ తెప్పించాడు. "సార్, ఒకట్లూ సున్నాలే కదా అని అందరూ అనుకుంటరు, కానీ అవి టైముకి రావద్దా? మీ ఫ్రీ ప్లేయర్‌లో అన్నీ అటూ ఇటూ అయితున్నయి" అన్నాడు. ముందు ఫ్రీ ప్లేయర్‌లో ఒక పాట, తర్వాత అదే పాట వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో, వాళ్ల కేబుల్‌తో. నిజం చెప్తున్నా, తేడా తెలిసింది. తబలా ముందుకొచ్చింది, గొంతు నిండుగా వచ్చింది. "మీ చెవులు మంచిగ ట్రైన్ అయినయి సార్" అన్నాడు, ఆ మాటకి పడిపోయి కార్డు తీశాను.

ఇంటికొచ్చాక వారం బాగానే సంబరపడ్డా. జుయ్ మాత్రం పోలేదు. అప్పుడు మా బామ్మర్ది వచ్చాడు, ఏసీలు రిపేర్ చేస్తాడు, బండిలో ఎప్పుడూ మల్టీమీటర్ ఉంటుంది. "బావా, రెండింటిలో ఒకటే టోన్ పెట్టు, స్పీకర్ వైర్ల దగ్గర ఓల్టేజీ చూద్దాం" అన్నాడు. 100 హెర్ట్జ్ టోన్ పెట్టాం. ఫ్రీ ప్లేయర్‌లో 2.00 ఓల్టులు. ఈ 9,000 సాఫ్ట్‌వేర్‌లో 2.52. అంటే 2 డెసిబెల్స్ ఎక్కువ. సెట్టింగ్స్ అంతా వెతికితే "వార్మ్" అని ఒక ప్రీసెట్ (ముందే చేసిపెట్టిన సెట్టింగ్) ఆన్‌లో ఉంది, అది బేస్ పెంచుతోంది, దానిమీద ప్రీఆంప్ (మొత్తం సౌండు పెంచే మీట) కూడా పెంచి ఉంది. సౌండు అంత కొంచెం పెరిగితే మన చెవికి "సౌండ్ పెరిగింది" అని అనిపించదు, "క్వాలిటీ పెరిగింది" అనిపిస్తుంది. డెమోలో జరిగింది ఇదే, ఇంతే.

ప్రీసెట్ తీసేశాక రెండూ 2.00కి వచ్చాయి. అప్పుడు నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వాడు ప్లేయర్, కేబుల్ మారుస్తూ (కొన్నిసార్లు మార్చకుండా, మార్చినట్టు నటిస్తూ) ఏది ఏదో చెప్పమన్నాడు. 16 సార్లలో 9 కరెక్ట్. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తాయి. కనీసం 12 వస్తే ఏదో తేడా విన్నాననుకోవచ్చు. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది, ఆ సంగతి వదిలేద్దాం.

కేబుల్ గురించి ఒక మాట. యూఎస్‌బీలో డేటా పాడైతే టక్ టక్‌మని వినిపిస్తుంది, లేదా పాట తెగిపోతుంది. అంతేగానీ "బేస్ కొంచెం మెత్తబడటం", "గొంతు దూరంగా పోవడం" లాంటివి జరగవు. టైమింగ్ సంగతికొస్తే, ఇప్పటి డాక్‌లలో చాలావరకు అసింక్రనస్ పద్ధతివే, గడియారం డాక్‌లోనే ఉంటుంది, ల్యాప్‌టాప్ దాని వేగానికి డేటా అందించాలి. ఓనర్ చెప్పిన "అటూ ఇటూ" కథ అక్కడే చచ్చిపోతుంది. ఆ కేబుల్ ఇప్పుడు ప్రింటర్‌కి పెట్టాను.

హార్డ్ డిస్కు ఇంకా ఘోరం. పాత తెలుగు పాటలన్నీ 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని రాసి ఉంది, ఒక్కో ఫైలు వంద ఎంబీ పైనే. ఆడాసిటీ (ఉచితం) తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (పాటలో ఏ స్థాయి శబ్దాలు ఉన్నాయో చూపే బొమ్మ) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, పైన అంతా నలుపు. 128 కేబీపీఎస్ ఎంపీ3లకి (బాగా కుదించిన చిన్న ఫైళ్లకి) సాధారణంగా కనిపించే గుర్తు అది. ఎక్కడో దొరికిన ఎంపీ3లని పెద్ద ఫైళ్లుగా మార్చి అమ్మారన్నమాట. పోనీ అసలైనవే ఇచ్చినా, 1982 నుంచి వస్తున్న సీడీలో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కే (సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మనిషి చెవి బాగుంటే 20 దాకా వింటుంది. నాకు 46 ఏళ్లు. 15 కిలోహెర్ట్జ్ టోన్ పెడితే మా పాప చెవులు మూసుకుంది, నాకేమో పెట్టానో లేదో కూడా తెలియలేదు.

అలాగని సాఫ్ట్‌వేర్‌తో ఏమీ మారదని కాదు. విండోస్ మామూలుగా అన్ని శబ్దాల్నీ కలిపి ఒకే రేటుకి మార్చి పంపుతుంది, పైగా కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీ వాళ్ల "ఎన్‌హాన్స్‌మెంట్స్" ఆన్‌లో ఉంటాయి, అవి నిజంగానే పాటని చెడగొడతాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో అవి ఆఫ్ చేయండి, ఫూబార్ 2000 లాంటి ఫ్రీ ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ (విండోస్ ఏమీ కలపకుండా పాట నేరుగా డాక్‌కి పోయే పద్ధతి) పెట్టుకోండి. రూపాయి ఖర్చు లేదు. డబ్బే పెట్టాలనుంటే స్పీకర్లకో హెడ్‌ఫోన్లకో పెట్టండి, అక్కడ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇక ఆ జుయ్. చార్జర్ పీకగానే పోయింది! ల్యాప్‌టాప్ చార్జర్ ఒక గోడకి, ఆంప్లిఫయర్ ఇంకో గోడకి ఉండటంతో ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసి చుట్టులా ఏర్పడి, దాంట్లోంచి రొద రావడం) అయింది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చాక చాలావరకు తగ్గింది, రాత్రిపూట వినేటప్పుడు బ్యాటరీ మీదే పెడుతున్నా. ఎవరో ఎర్త్ పిన్ విరగ్గొట్టేయమంటారు, ఆ పని చేయకండి, షాక్ కొడుతుంది.

డబ్బు వెనక్కి అడిగితే "లైసెన్స్ ఓపెన్ చేసినరు కదా సార్, వాపస్ రాదు, కావాలంటే ఇంకో మూడు వేలు కలిపి పై మోడల్ కేబుల్ తీస్కోండి" అన్నాడు. బిల్లు చూస్తే చేతిరాతతో "ఆడియో సామాను" అని ఒక్క లైను, జీఎస్టీ నంబర్ లేదు. నా తప్పూ ఉంది, అప్పుడే చూసుకోవాల్సింది. మీరు ఏదైనా కొనేముందు ప్రతి వస్తువూ విడిగా రాసిన బిల్లు తీసుకోండి, వాపస్ ఎన్ని రోజుల్లోపో దానిమీదే రాయించండి. డెమోలో మీరే వాల్యూమ్ సమం చేయమనండి, మల్టీమీటర్ పట్టుకెళ్తే ఇంకా మంచిది, వద్దంటే లేచి వచ్చేయండి.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, నంబర్ వచ్చింది. షాపు నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఏమన్నా కదిలితే ఇక్కడే రాస్తా.