చిన్న డిజైన్ స్టూడియోకి సొంత బ్లాగు, ఇన్‌స్టా, వాట్సాప్ బిజినెస్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

మా పని తెలుగు లోగోలు, పెళ్లి శుభలేఖలు, పచ్చళ్లకీ స్వీట్లకీ ప్యాకింగ్. దానికి వాడుతున్నవి మూడు: సొంత డొమైన్ (మన పేరుతో కొనుక్కున్న వెబ్ చిరునామా) మీద వర్డ్‌ప్రెస్ బ్లాగు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బిజినెస్. ముగ్గురు నలుగురున్న స్టూడియోకి ఇంతకంటే అక్కర్లేదు. ఇన్‌స్టాలో పని చూస్తారు, వాట్సాప్‌లో బేరం తెగుతుంది. ఈ రెంటి మధ్యా ‘వీళ్లకి పని తెలుసు’ అనిపించేది బ్లాగే. కొత్త స్టూడియోలు ముందుగా వదిలేసేదీ దాన్నే.

సొంత డొమైన్ ఎందుకంటే, వేరేవాళ్లు ఇచ్చిన చోటుని వాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు, దాని మీదే నడిచినవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చిన వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. ప్రొఫైల్ మాత్రం ఉంచుకోండి, మ్యాప్‌లో కనపడాలి కదా.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు వాళ్లకి ముందుగా తగిలే దెబ్బ పోస్టు చిరునామా. శీర్షిక తెలుగులో పెడితే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది, లోపల మాత్రం ఒక్కో తెలుగు గుర్తు శాతం (%) గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. ‘శుభలేఖ’లో కొమ్ము, ఏత్వంతో కలిపి 6 గుర్తులు, అంటే ఆ ఒక్క మాటకే 54. వర్డ్‌ప్రెస్ చిరునామాకి ఇచ్చే చోటు 200 అక్షరాలు. ఇరవై రెండు గుర్తులు దాటగానే మిగతాది తెగిపోతుంది, వాట్సాప్‌లో పంపితే మూడు లైన్ల చెత్తలా కనిపిస్తుంది. శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామా మటుకు మూడు నాలుగు ఇంగ్లీష్ అక్షరాల మాటలతో పబ్లిష్ నొక్కక ముందే మార్చేయండి.

రెండోది లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని చేసిన థీముల్లో హెడ్డింగ్ లైన్ హైట్ 1.2 ఉంటుంది. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు లైన్ల హెడ్డింగ్ వస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. హెడ్డింగులకి 1.5, బాడీకి 1.75 పెట్టాక చదవబుద్ధేస్తుంది. బాడీకి మండలి, హెడ్డింగులకి రామభద్ర తరహా బరువైన ఫాంటు మాకు నచ్చాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ప్రింటు పనికి అను స్క్రిప్ట్ ఫాంట్లు వాడేవాళ్లకి ఒక మాట: ఆ మ్యాటర్‌ని పేజ్‌మేకర్ నుంచి తీసి బ్లాగులో అతికిస్తే పిచ్చి ఇంగ్లీష్ గుర్తులే వస్తాయి. యూనికోడ్‌లోకి (ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే పద్ధతిలోకి) మార్చి, మళ్లీ ప్రూఫు చూడాలి. మార్చినప్పుడు చెడేవి ఎక్కువగా వత్తులూ సంయుక్తాక్షరాలే. పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు విడివిడిగా వస్తుంటే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి.

బొమ్మల దగ్గర ఎక్కువమంది పడేది రంగుల్లో. ప్రెస్సుకి పంపిన సీఎంవైకే (ప్రింటు ఇంకుల రంగు పద్ధతి) జేపెగ్‌నే బ్లాగుకీ ఎక్కిస్తే కొన్ని ఫోన్లలో పసుపు వెలిసిపోతుంది, కొన్నిట్లో ఎరుపు కళ్లు పొడుస్తుంది. వెబ్‌కి ఎస్‌ఆర్‌జీబీలో (తెరల రంగు పద్ధతిలో) వేరుగా ఎక్స్‌పోర్ట్ చేయండి, వెడల్పు 1600 పిక్సెళ్లు, క్వాలిటీ 80. పెద్ద ఫైలు ఎక్కించడం దండగ. 2560 దాటితే వర్డ్‌ప్రెస్ తానే తగ్గిస్తుంది, పైగా ఒక్కో బొమ్మకీ అరడజను సైజులు చేసి పెడుతుంది. హోస్టింగ్‌లో (బ్లాగు ఫైళ్లకి అద్దెకి తీసుకున్న చోటులో) జీబీలు మిగిలున్నా ‘ఫైళ్ల సంఖ్య దాటింది’ అని ఎర్ర అక్షరాలు వచ్చేది ఇందుకే.

ఇక ఏం రాయాలి? ‘మా కొత్త లోగో చూడండి’ తరహా పోస్టుల్ని ఎవరూ వెతుక్కుంటూ రారు. వాట్సాప్‌లో కస్టమర్లు పదే పదే అడిగేవే శీర్షికలు. పచ్చడి సీసా లేబుల్ సంగతి తీసుకోండి: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారీ తేదీ వేయడానికి వార్నిష్ లేని ఖాళీ చోటు. ఈ ఆఖరిది మరిచిపోతే ఇంకు జెట్ తేదీ వేలితో తుడిస్తే పోతుంది. అంచుకి 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేందుకు వదిలే అదనపు డిజైన్), సీసా చుట్టూ తిరిగే లేబుల్ అయితే అతుకు దగ్గర కొంచెం ఎక్కువ. ఇవన్నీ ఫోటోతో సహా ఒకే పోస్టులో పెడితే ఏళ్ల తరబడి మనుషుల్ని తెస్తుంది. నెలకి అలాంటివి రెండు చాలు, రోజూ రాయమనే సలహాలు నమ్మకండి.

అదే పోస్టుని ఇన్‌స్టాలో కారొసెల్‌గా (పక్కకి జరుపుతూ చూసే స్లయిడ్లుగా) విడగొట్టండి. 20 స్లయిడ్ల దాకా పడతాయి గానీ ఎనిమిది దాటితే జనం ఆగరు. 1080 బై 1350 సైజులో చేస్తే, 2025లో ప్రొఫైల్ గ్రిడ్ 3:4కి మారినప్పటి నుంచి రెండు పక్కలా దాదాపు 34 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. అక్షరాలు అంచు నుంచి 80 లోపలికే ఉంచండి. సన్నటి ఫాంట్లలో వత్తులు కంప్రెషన్‌కి అలుక్కుపోతాయి. నల్లటి నేల మీద ఎర్ర అక్షరాలు మరీ ఘోరం, జేపెగ్ వెలుగుకంటే రంగుని తక్కువ వివరంతో దాస్తుంది మరి. రీల్స్ బాగా చూస్తారు, ముఖ్యంగా పెన్ టూల్‌తో అక్షరం గీసేవి. కానీ అవి తెచ్చేవాళ్లలో తోటి డిజైనర్లే ఎక్కువ. బిజినెస్ అకౌంట్‌కి చాలా సినిమా పాటలు దొరకవు, ట్రెండింగ్ పాట కోసం ఆరాటపడొద్దు.

శుభలేఖ పోస్టు చేసేముందు ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేయండి. పెళ్లి అయ్యేదాకా ఆగండి, పెళ్లివారి నుంచి ‘సరే’ అని మెసేజ్ ఉంచుకోండి.

వాట్సాప్‌లో లింకుతో పాటు బొమ్మ రాకపోతే చాలామంది నొక్కరు. ఫీచర్డ్ బొమ్మ (పోస్టుకి ముఖచిత్రంగా పెట్టేది) 1200 బై 630, 300 కేబీలోపు ఉంటే వస్తుంది. తర్వాత బొమ్మ మార్చినా పాతదే కనిపిస్తుంటే చిరునామా చివర ?v=2 అని తగిలించి పంపండి. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ (ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపేది) మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి డెలివరీ రోజునే సేవ్ చేసుకోమని అడగాలి. ప్రూఫుల్ని ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ‘అక్షరాలు మసకగా ఉన్నాయండి’ అని ఫోను తప్పదు. రేట్లు, అడ్వాన్స్, కరెక్షన్లు ఎన్నిసార్లు అన్నవి క్విక్ రిప్లైల్లో (ముందే రాసి ఉంచుకునే జవాబుల్లో) పెట్టుకుంటే సగం టైపింగ్ తగ్గుతుంది.

లోపాలూ ఉన్నాయి. హోస్టింగ్ మొదటి ఏడాది రేటు చూసి కొంటే రెన్యువల్‌లో గుండె గుభేలుమంటుంది, కొనేముందే రెన్యువల్ రేటు అడగండి. ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు పనిముట్లు) ఎన్ని పెడితే అన్ని అప్‌డేట్లు. వాటిలో ఒకటి తేడా చేస్తే తెల్ల పేజీ మిగులుతుంది. బ్యాకప్, బొమ్మలు తగ్గించేది, ఎస్‌ఈఓ (గూగుల్‌లో వెతికితే కనపడేలా చేసేది), ఈ మూడు ప్లగిన్లు చాలు. బ్యాకప్ అదే హోస్టింగ్‌లో కాకుండా గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టండి. రాసే మనిషి లేని స్టూడియోకి బ్లాగు వద్దే వద్దు. ఇన్‌స్టా, మ్యాప్‌లో ప్రొఫైల్ సరిగ్గా పెట్టుకుంటే సరిపోతుంది.